ఆరని పసుపు దీపం

అమెరికాలో నవంబరు నెల ప్రవేశించి తొలి గడ్డు చలి పడిన ఉదయం వేలాది ఇళ్ల ముంగిళ్లలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. కారు తాళం తిప్పగానే ఎదుటి పలక మీద వెలిగిన దీపాలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఆరిపోతాయి. పసుపుపచ్చని గుర్తు ఒకటి మాత్రం మిగిలిపోతుంది. గుర్రపు నాడా వంటి గీత, దాని మధ్య ఒక ఆశ్చర్యార్థకం. పిల్లలను బడిలో దింపాలి, ఆఫీసుకు వేళ మించిపోతోంది. "ఏమండీ, ఆ లైటు మళ్లీ వచ్చింది, చూశారా?" అని భార్య అంటే, "అది ఎప్పుడూ అంతేలే. చలికి అలా వస్తుంది, మధ్యాహ్నానికి దానంతటదే పోతుంది" అని భర్త సమాధానం. సంభాషణ అంతటితో ముగుస్తుంది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

రసాయన శాస్త్రంలో, ఇంజనీరింగులో, వైద్యంలో పట్టాలు పొందిన తెలుగువారు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. ప్రయోగశాలలో ఒక మాపకం తప్పు చూపిస్తున్నదన్న అనుమానం కలిగితే చాలు, పని ఆపి కారణం వెతికేవారే కారులో కూర్చున్నప్పుడు అదే జాగ్రత్తను ఇంటి గుమ్మంలో వదిలివేయడం వింతగా తోస్తుంది. ఈ దీపం గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలు చెలామణిలో ఉన్నాయి. అది చలికి బెదిరే పిరికి దీపమని ఒకటి. అది ఉన్నది గనుక టైర్ల సంగతి అదే చూసుకుంటుందని రెండవది. రెండూ పొరపాట్లే. మొదటిది దీపాన్ని నమ్మకపోవడం, రెండవది అతిగా నమ్మడం. ఒకే మనిషి ఈ రెండింటినీ ఏకకాలంలో నమ్మగలగడమే ఇందులోని ప్రమాదం.

చలి చేసే పని ఎంత?

మూసి ఉన్న పాత్రలోని వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని కళాశాలలో అందరూ చదివినదే. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అమోంతోన్, గే-లుస్సాక్ల పేర్లతో ఈ సూత్రం వ్యవహారంలో ఉంది. దీనిని టైరుకు అన్వయించేటప్పుడు రెండు విషయాలు మరువరాదు. ఉష్ణోగ్రతను కెల్విన్లలో లెక్కించాలి. పీడనాన్ని లెక్కించేటప్పుడు గేజీ చూపే అంకెకు వాతావరణ పీడనాన్ని, అనగా చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌండ్లను, కలపాలి. గేజీ చూపేది టైరు లోపలి గాలికీ బయటి గాలికీ గల తేడాను మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఒక కారుకు తయారీదారు నిర్ణయించిన పీడనం 32 పౌండ్లు. ఆగస్టు నెలాఖరున, 80 ఫారన్‌హీట్ డిగ్రీల వేడిలో, ఆ కారు యజమాని సరిగ్గా అంతే గాలి పట్టించాడు. డిసెంబరు తొలి రోజులలో ఒక తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడిపోయింది. కెల్విన్లలో చెప్పాలంటే 300 నుండి 261కి దిగింది. మొత్తం పీడనం 46.7 నుండి 40.6కి తగ్గుతుంది. వాతావరణ పీడనం తీసివేస్తే గేజీ మీద కనిపించేది దాదాపు 26 పౌండ్లు. ప్రతి పది ఫారన్‌హీట్ డిగ్రీలకు సుమారు ఒక పౌండు అనే వాడుక లెక్క ఇక్కడి నుండి పుట్టినదే.

ఇక దీపం ఎప్పుడు వెలగాలి? అమెరికా నిబంధనల ప్రకారం నిర్ణీత పీడనం కన్నా 25 శాతం తగ్గినప్పుడు అది వెలిగి తీరాలి. 32 పౌండ్లలో 25 శాతం తీసివేస్తే 24. అంటే ఆగస్టులో సరిగా గాలి నింపిన టైరు, ఏ మాత్రం గాలి పోగొట్టుకోకుండా ఉన్నట్లయితే, ఇంతటి చలిలో కూడా 26 వద్ద నిలిచి ఆ గీత దాటదు. కాని ఆ మూడు నెలలలో నెలకు ఒక పౌండు చొప్పున మూడు పౌండ్లు మెల్లగా జారిపోయాయనుకుందాం. అప్పుడు అదే లెక్క చేస్తే డిసెంబరు ఉదయాన గేజీ 23.3 చూపుతుంది. దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని వెలిగించినది చలి ఒక్కటే కాదు. చలికి తోడు మూడు నెలల మరపు కూడా ఉంది.

మధ్యాహ్నానికి అది ఆరిపోవడం కూడా ఈ లెక్కలోనిదే. రోడ్డు మీద తిరిగి టైరులోని గాలి 60 డిగ్రీలకు చేరితే పీడనం 27 దాటుతుంది. అనేక కార్లలో అప్పుడు దీపం ఆరుతుంది. యజమాని తన జోస్యం నిజమైందని తృప్తి పడతాడు. కాని టైరులోకి కొత్తగా గాలి చేరలేదు. పోయినది తిరిగి రాలేదు. జ్వరం కాసేపు తగ్గినంత మాత్రాన రోగం కుదిరినట్లు కాదని ప్రతి తల్లికీ తెలుసు.

తెలుగుదేశం నుండి వచ్చినవారికి ఈ సంగతి కొత్తగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. విజయవాడలో సంక్రాంతి నాటి తెల్లవారుజాముకూ రోహిణి కార్తె మధ్యాహ్నానికీ నడుమ తేడా సుమారు 25 సెల్సియస్ డిగ్రీలు. మినియాపోలిస్ వంటి ఊళ్లలో ఎండాకాలానికీ చలికాలానికీ మధ్య తేడా అందుకు రెట్టింపు ఉండవచ్చు. అక్కడ పెట్రోలు బంకులో గాలి పట్టే మనిషి ఉంటాడు, అడగకుండానే "ఎంత పెట్టమంటారు సార్?" అంటాడు. ఇక్కడ ఆ మనిషి లేడు. అతని స్థానంలో ఒక దీపం ఉన్నది. అది అడగదు, చెబుతుంది, అదీ ఆలస్యంగా.

గాలి జారే దారి

మేకు గుచ్చుకోకుండా, కవాటం చెడకుండా గాలి ఎక్కడికి పోతుంది? రబ్బరు గుండానే పోతుంది. రబ్బరు గోడ కంటికి గట్టిగా కనిపించినా, అణువుల స్థాయిలో అది నిరంతరం కదిలే పొడవాటి గొలుసుల అల్లిక. ఆ గొలుసులు కదిలినప్పుడు క్షణకాలం ఏర్పడే ఖాళీలలో వాయు అణువులు దూరి, లోపలి నుండి బయటికి అంచెలంచెలుగా ప్రయాణిస్తాయి. ప్రకృతిసిద్ధమైన రబ్బరులో ఈ ప్రయాణం సులువు. అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ప్రయోగశాలలో విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అనే రసాయన శాస్త్రజ్ఞులు 1937లో బ్యూటైల్ రబ్బరును కనుగొన్న తరువాత పరిస్థితి మారింది. ఐసోబ్యూటిలీన్ అణువులకు కొద్దిపాటి ఐసోప్రీన్ జోడించి అల్లిన ఈ గొలుసు నిండా మిథైల్ సమూహాలు కిక్కిరిసి ఉండడం వల్ల అది చురుకుగా కదలలేదు. అందుచేత వాయువులకు దారి ఇవ్వదు. దాని గుండా గాలి జారే వేగం ప్రకృతిసిద్ధమైన రబ్బరుతో పోలిస్తే సుమారు పదవ వంతు. ఈనాటి ట్యూబులు లేని టైర్ల లోపలి పూత ఈ జాతి రబ్బరుతోనే తయారవుతుంది. అయినా పదవ వంతు అంటే సున్న కాదు. అంచుల వద్ద, కవాటం వద్ద జరిగే చిన్న చిన్న లీకులు కలిసి, వాడకంలో ఉన్న టైరు నెలకు ఒక పౌండు దాకా పోగొట్టుకోవడం మామూలే.

ఈ సందర్భంలో నత్రజని గురించి ఒక మాట చెప్పక తప్పదు. టైర్ల దుకాణాలలో కొందరు అదనపు సొమ్ము తీసుకొని నత్రజని నింపుతారు. రబ్బరు గుండా ఆమ్లజని కన్నా నత్రజని నెమ్మదిగా జారుతుందన్నది శాస్త్రసమ్మతమే. అయితే మామూలు గాలిలోనే 78 శాతం నత్రజని ఉచితంగా ఉన్నది. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఈ విషయాన్ని ఏడాది పాటు పరీక్షించింది. 30 పౌండ్లతో మొదలుపెట్టి కదలకుండా ఉంచిన టైర్లలో, గాలి నింపినవి సగటున 3.5 పౌండ్లు, నత్రజని నింపినవి 2.2 పౌండ్లు కోల్పోయాయి. తేడా నిజమే గాని, నెలకొకసారి గేజీ పట్టుకునే అలవాటుతో పోలిస్తే అది లెక్కలోనికి రాదు. చలికి పీడనం తగ్గడంలో రెండు వాయువులూ ఒకే సూత్రానికి తలవంచుతాయి.

దీపం వెనుక ఉన్న ప్రాణాలు

ఈ పసుపు గుర్తు కార్ల కంపెనీలు ముచ్చటపడి పెట్టిన అలంకారం కాదు. 1986లో పోర్షే 959 వంటి ఖరీదైన కారులో కనిపించిన ఈ సదుపాయం సామాన్యుల కార్లలోనికి రావడానికి ఒక విషాదం కారణమైంది. 1990లలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు అమర్చిన కొన్ని రకాల ఫైర్‌స్టోన్ టైర్లు వేగంగా పోతున్నప్పుడు పైపొర ఊడిపోయి, వాహనాలు పల్టీలు కొట్టాయి. 2000 ఆగస్టులో కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచింది. అమెరికాలో ఈ ప్రమాదాలలో మరణించినవారి సంఖ్య 250 దాటినట్లు ప్రభుత్వ లెక్కలు తేల్చాయి. ఎండ తీవ్రత హెచ్చుగా ఉండే అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా రాష్ట్రాలలో ఈ వైఫల్యాలు అధికంగా జరిగాయి. ఆ వాహనానికి ఫోర్డ్ సూచించిన పీడనం 26 పౌండ్లు. టైరు కంపెనీ 30 ఉండాలన్నది. తప్పెవరిదన్న విషయంలో రెండు కంపెనీలూ బహిరంగంగా పరస్పరం నిందించుకున్నాయి. టైర్లలోనే లోపమున్నదని 2001లో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ నిర్ధారించింది.

ఆ వివాదం ఎలా ఉన్నా, అందులోని భౌతిక శాస్త్రం వివాదాస్పదం కాదు. కారు బరువును మోసేది ప్రధానంగా రబ్బరు కాదు, అందులో బంధించిన గాలి. గాలి తగ్గితే టైరు పక్క గోడలు అధికంగా వంగుతాయి. గంటకు 70 మైళ్ల వేగంలో మామూలు కారు చక్రం నిమిషానికి సుమారు 900 సార్లు తిరుగుతుంది. అన్ని సార్లూ రబ్బరు వంగి లేస్తుంది. వంగడానికి ఖర్చయిన శక్తి అంతా లేచేటప్పుడు తిరిగి రాదు. మిగిలినది వేడిగా మారి రబ్బరులోనే ఉండిపోతుంది. ఆ వేడికి ఉక్కు తీగల పొరలను పట్టి ఉంచిన రబ్బరు బంధాలు బలహీనపడతాయి. ఎండ, వేగం, బరువు, తక్కువ గాలి అనే నాలుగూ ఒకచోట కలిసిన రోజున పొరలు విడిపోతాయి.

2000 నవంబరు 1న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన ట్రెడ్ చట్టం, టైరులో గాలి బాగా తగ్గినప్పుడు హెచ్చరించే వ్యవస్థ ప్రతి కొత్త కారులోను ఉండాలని ఆదేశించింది. 2002లో రహదారి భద్రతా సంస్థ రూపొందించిన మొదటి నిబంధనలో, ఒక్క టైరులో గాలి తగ్గినప్పుడు మాత్రమే కనిపెట్టగల చౌక పద్ధతికి కూడా చోటిచ్చారు. వినియోగదారుల పక్షాన పబ్లిక్ సిటిజెన్ అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ వెసులుబాటు చట్టానికి విరుద్ధమని 2003లో అప్పీలు కోర్టు నిబంధనను కొట్టివేసింది. ఒకటి మొదలు నాలుగు టైర్ల వరకు ఎన్నిటిలో గాలి తగ్గినా, 25 శాతం తగ్గిన 20 నిమిషాలలోగా హెచ్చరించాలన్న నిబంధన 2005లో వచ్చింది. 2007 సెప్టెంబరు 1 తరువాత తయారైన తేలికపాటి ప్రయాణ వాహనాలన్నింటిలోను ఈ దీపం ఉన్నది. అది ఫలితమూ ఇచ్చింది. చక్రంలోనే మాపకమున్న కార్లలో ఏదో ఒక టైరు తీవ్రంగా గాలి కోల్పోయి ఉండే అవకాశం సగానికి పైగా తగ్గినట్లు 2012లో అదే సంస్థ ప్రకటించిన పరిశీలన తెలిపింది.

నిలకడగా వెలగడం వేరు, మిణుకుమనడం వేరు

దీపం రెండు వేర్వేరు మాటలు చెబుతుంది. ఈ తేడా తెలియకపోవడమే తక్కిన పొరపాట్లకు మూలం. కారు తీసిన వెంటనే నిలకడగా వెలిగి ఉండిపోతే టైరులో గాలి తగ్గిందని అర్థం. అలాకాక, ఒక నిమిషం పైచిలుకు మిణుకుమిణుకుమని, ఆ తరువాత నిలకడగా వెలిగితే, గాలి సంగతి తెలుసుకునే వ్యవస్థే పనిచేయడం లేదని అర్థం. మొదటిది రోగి మూలుగు. రెండవది వైద్యుడు లేడన్న వార్త.

నిలకడగా వెలిగిన దీపానికి చేయవలసిన చికిత్స సులువు. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న తరువాత, చల్లని టైర్లలో గేజీతో పీడనం చూడాలి. ఉండవలసిన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం మీద అతికించిన చీటీలో ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. అది ఆ కారుకు నిర్ణయించినది కాదు. నాలుగు టైర్లలోను చీటీ ప్రకారం గాలి నింపి కొన్ని మైళ్లు నడిపితే చాలా కార్లలో దీపం ఆరుతుంది. కొన్నింటిలో మీట నొక్కి గాని, తెరమీది పట్టికలోనికి వెళ్లి గాని కొత్త పీడనాన్ని గుర్తుపట్టమని కారుకు చెప్పాలి. కొన్ని వాహనాలలో అదనపు చక్రంలో కూడా సెన్సరు ఉంటుంది గనుక దానినీ చూడాలి. వారం తిరగకుండానే అదే టైరు మళ్లీ తగ్గితే మేకు కోసమో, కవాటంలో లీకు కోసమో వెతికించాలి. ఎండాకాలంలో దూరం నడిపి ఆపిన వేడి టైరులో అంకె హెచ్చుగా ఉందని గాలి తీసివేయడం మరొక పొరపాటు. అది చల్లారేసరికి ఉండవలసిన దానికన్నా తక్కువవుతుంది.

గాలి సరిగా ఉండి కూడా ఆరని దీపం సంగతి వేరు. హెచ్చరిక వ్యవస్థలు రెండు రకాలు. ఒక రకంలో చక్రం లోపల, కవాటానికి ఆనుకొని, చిన్న సెన్సరు ఉంటుంది. అది పీడనాన్ని కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు తెలియజేస్తుంది. దానికి శక్తినిచ్చేది ఒక లిథియం ఘటం. ఆ ఘటంలోని రసాయన చర్య అయిదు నుండి పదేళ్లలో ముగిసిపోతుంది. దానిని జిగురు పదార్థంలో మూసి ఉంచుతారు గనుక సామాన్యంగా ఘటాన్ని మార్చడం కుదరదు, సెన్సరునే మార్చాలి. రెండవ రకంలో చక్రంలో ఏ సెన్సరూ ఉండదు. గాలి తగ్గిన టైరు కొద్దిగా కుంగి, తక్కిన వాటికన్నా వేగంగా తిరుగుతుంది. బ్రేకుల వ్యవస్థ కోసం అమర్చిన వేగమాపకాల ద్వారా కారు ఆ తేడాను పసికడుతుంది. ఈ రకం కార్లలో గాలి నింపిన తరువాత మీట నొక్కి తిరిగి అలవాటు చేయకపోతే దీపం ఆరదు. గాలి సరిచేయకుండా మీట నొక్కితే మరీ ప్రమాదం. తగ్గిన గాలినే సరైనదిగా అది నేర్చుకుంటుంది.

దీపం మిణుకుమనడానికి సెన్సరు వయసు మీరడమే కాక ఇతర కారణాలూ ఉన్నాయి. చలికాలపు టైర్లను వేరే చక్రాలకు బిగించి సెన్సర్లు పెట్టకపోవడం, టైరు మార్చేటప్పుడు సెన్సరు విరగడం, మార్చిన సెన్సరును కారుకు పరిచయం చేయకపోవడం వాటిలో కొన్ని. అందం కోసం లోహపు మూతలు బిగించేవారు ఒక రసాయన సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. రోడ్డు మీద చల్లిన ఉప్పునీరు తగిలితే, కలిసి ఉన్న రెండు వేరు లోహాలు ఒక చిన్న బ్యాటరీ అవుతాయి. అల్యూమినియం కవాటం క్షీణిస్తుంది. మూత ఊడదీయబోతే కవాటమే చేతికి వస్తుంది. ప్లాస్టిక్ మూతే మేలు.

మొదటి కారు

ఈ చర్చలో అందరికన్నా ఎక్కువగా నష్టపోగలవారు ఇంకా మాట్లాడనివారు. ప్రతి ఏడూ హైదరాబాదు నుండి, గుంటూరు నుండి, వరంగల్లు నుండి వేలాది విద్యార్థులు ఈ దేశపు విశ్వవిద్యాలయాలకు వస్తున్నారు. వారి మొదటి కారు పదీ పన్నెండేళ్ల పాతది. దాని సెన్సర్ల ఘటాలు ఎప్పుడో నిర్జీవమై ఉంటాయి. అమ్మేవాడు తాళాలు చేతిలో పెడుతూ, "ఆ లైటు ఎప్పుడూ అంతే, పట్టించుకోకు తమ్ముడూ" అంటాడు. చెప్పేవాడు అబద్ధం చెప్పడం లేదు. అతనికి అమ్మినవాడూ అదే మాట చెప్పాడు. కారుతో పాటు ఆ మాట కూడా చేతులు మారుతూ వస్తున్నది. ఆ కుర్రవాడు అన్నింటికన్నా తక్కువ డబ్బుతో, అన్నింటికన్నా అరిగిన టైర్ల మీద, నలుగురు స్నేహితులను ఎక్కించుకొని, సెలవులలో వెయ్యి మైళ్ల ప్రయాణానికి బయలుదేరుతాడు. హెచ్చరిక అవసరం ఎక్కువగా ఉన్న కారులోనే హెచ్చరిక చచ్చిపోయి ఉన్నది. నిత్యం వెలిగే దీపం కొత్తగా వెలగలేదు గదా! "నాన్నా, పులి" కథలో అబద్ధమాడినవాడు పిల్లవాడు. ఇక్కడ దీపం అబద్ధమాడలేదు. అయినా ఊరివారు రావడం మానివేశారు.

దీనికి రెండు అభ్యంతరాలు వినవస్తాయి. మొదటిది ఖర్చు. నాలుగు సెన్సర్లు మార్చాలంటే కొన్ని వందల డాలర్లు కావాలి. జీతం లేని విద్యార్థి ఎక్కడ తెస్తాడు? ఇది న్యాయమైన మాటే. టైర్లు ఎలాగూ మార్చవలసి వచ్చినప్పుడే సెన్సర్లు కూడా మార్పిస్తే కూలి కలిసివస్తుంది. అంతవరకు, పది డాలర్లకు లోపు దొరికే గేజీ ఒకటి కారులో ఉంచుకొని, రెండు వారాలకొకసారి టైర్లు చూసుకుంటే, చచ్చిన సెన్సరు వల్ల కలిగే లోటు చాలావరకు తీరుతుంది. పేదరికం సెన్సరు మార్చకపోవడానికి కారణం కావచ్చు గాని, గేజీ పట్టకపోవడానికి కారణం కాజాలదు.

రెండవది అనుభవజ్ఞుల మాట. "ముప్పై ఏళ్ల క్రితం ఈ దీపాలు లేవు, మేము నడపలేదా?" అని. నడిపారు. కాని దీపం లేదని వారికి తెలుసు. అందుచేత గాలి చూసుకోవడం తమ పనేనని కూడా తెలుసు. నేటి చోదకుడికి ఆ అలవాటు లేదు, ఎందుకంటే దీపం ఉన్నది. అటువంటివాడు దీపాన్ని కూడా లెక్కచేయకపోతే, అతని చేతిలో పాత కాలపు జాగ్రత్తా లేదు, కొత్త కాలపు హెచ్చరికా లేదు.

పైగా ఈ దీపం సరిగా పనిచేస్తున్నప్పుడు కూడా అది చివరి హెచ్చరికే. 32 ఉండవలసిన చోట 25కి దిగినా, నిబంధన ప్రకారం అది మౌనంగా ఉండవచ్చు. ఆ ఏడు పౌండ్ల మేర టైరు వేడెక్కుతూ, అంచులు అరుగుతూ, ఇంధనం కాస్త ఎక్కువ తాగుతూ తిరుగుతుంది. దీపం వెలిగేదాకా ఆగుదామనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇప్పటి కార్లలో అనేకం ఒక్కొక్క టైరు పీడనాన్ని అంకెలలో చూపుతున్నాయి. అది మేలైన మార్పే గాని, ఆ అంకె చూసేవారు ఉండాలి.

తెలుగు సంఘాలు కొత్త విద్యార్థులకు స్వాగత సభలు జరుపుతున్నాయి. దుప్పట్లు, వంటపాత్రలు, ప్రెషర్ కుక్కర్లు సమకూర్చి పెడుతున్నాయి. ఆ సంచిలో ఒక టైరు గేజీ కూడా చేర్చడం పెద్ద ఖర్చు కాదు. సెప్టెంబరులో ఒక శనివారం, గుడి దగ్గరో విశ్వవిద్యాలయం దగ్గరో, కారు గురించి తెలిసిన పెద్దవారు ఇద్దరు నిలబడి, గేజీ ఎలా పట్టాలో, తలుపు దగ్గరి చీటీ ఎలా చదవాలో, మిణుకుమనే దీపానికీ నిలకడ దీపానికీ తేడా ఏమిటో చూపిస్తే ఒక గంటలో అయిపోయే పని. ప్రెషర్ కుక్కరు మీద ఎన్ని విజిల్స్ రావాలో తల్లి ఫోనులో చెప్పి పంపగలదు. టైరులో ఎన్ని పౌండ్ల గాలి ఉండాలో ఈ దేశంలో ముందుగా వచ్చి స్థిరపడినవారే చెప్పాలి.

థాంక్స్‌గివింగ్ సెలవులు వస్తాయి. ఊరి నుండి వచ్చిన తాతయ్య, నాయనమ్మ వెనుక సీటులో కూర్చుంటారు. పులిహోర డబ్బాలు, సామాను పెట్టెలు వెనుక నిండుతాయి. బండి ఎన్నడూ లేనంత బరువుతో రహదారి ఎక్కుతుంది. దేవుని గదిలో దీపం ఆరకూడదని కోరుకునే తాతయ్య, కారులో ఆరని ఆ పసుపు దీపాన్ని చూసి "అదేమిటిరా?" అని అడగవచ్చు. "అది ఎప్పుడూ అంతే తాతయ్యా" అన్నది జవాబు కాదు. బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, గేజీ పట్టుకొని కారు చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. అయిదు నిమిషాలు పడుతుంది.